పది సెంటీమీటర్ల ఐఎన్ఎస్ గోదావరి: తక్కువ ఖర్చుతో 1/1200 రెజిన్ ఓడలు

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవారికి సులువు. చిన్న బడ్జెట్‌తో ఓడల కలెక్షన్ మొదలుపెట్టేవారికి 1/1200 స్కేల్లో (అసలు ఓడ పొడవులో 1200వ వంతు) రెజిన్‌తో, అంటే వెలుగు తగిలితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్‌తో, ప్రింటు తీసిన ఓడలు మంచి బేరం. ఓడ డిజైన్ ఫైలు పంపితే త్రీడీ ప్రింటు తీసి కొరియర్లో పంపే సర్వీసులు పెద్ద ఊళ్లలో ఉన్నాయి. అమలాపురం, నరసాపురం, భీమవరం దాకా పార్శిల్ వచ్చేస్తుంది. ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కూ మాస్టుల (ఓడ మీది నిలువు స్తంభాల) దగ్గర, హల్ (ఓడ ఒళ్లు) వంకర దగ్గర, సరిగ్గా ఆరని రెజిన్ దగ్గర పోతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే కొన్ని మాటలు రాసిపెడితే వీటిలో చాలావరకు తప్పించుకోవచ్చు. మిగిలినవి మన డెల్టా తేమ తెచ్చిపెట్టేవి, వాటికి మందు మన చేతుల్లోనే ఉంది.

స్కేలు సంగతి తేల్చుకోకుండా ఒక్క ఓడ కూడా కొనొద్దు. అన్నీ ఒకే కొలతలో ఉంటేనే, పక్కపక్కన పెట్టినప్పుడు ఏది ఎంత పెద్ద ఓడో చూడగానే తెలుస్తుంది. అలా తెలియకపోతే అది కలెక్షన్ అనిపించదు. ప్లాస్టిక్ కిట్లలో బాగా పేరున్న స్కేలు 1/700. జపాన్‌లో షిజువోకా కంపెనీలు కలిసి 1971లో మొదలుపెట్టిన వాటర్‌లైన్ సిరీస్ ఆ స్కేలుదే. నీటిగీత కింది భాగం ఉండదు కాబట్టి ఓడని టేబుల్ మీద పెడితే సముద్రం మీద ఉన్నట్టే కనిపిస్తుంది. అందం విషయంలో వాటికి వంక పెట్టలేం. అయితే 1/1200 నుంచి 1/700కి వెళ్తే పొడవు 1.7 రెట్లే పెరిగినా ఘనపరిమాణం ఐదు రెట్లవుతుంది. ప్రింటు సర్వీసులు ఎక్కువగా గ్రాముల లెక్కన డబ్బు తీసుకుంటాయి, అందుకని బిల్లు కూడా ఇంచుమించు అదే దామాషాలో పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. 1983లో నేవీలో చేరి 2015లో సెలవు తీసుకున్న ఐఎన్ఎస్ గోదావరి పొడవు 126 మీటర్ల పైచిలుకు. 1/1200లో అది పదిన్నర సెంటీమీటర్లు. లోపల గుల్ల లేకుండా గట్టిగా ప్రింటు తీసినా ఏడెనిమిది గ్రాములకి మించదు. అదే ఓడ 1/700లో 18 సెంటీమీటర్లు, బరువు 35 నుంచి 40 గ్రాములు. పోనీ ఇంకా చిన్నవి, 1/2400లో తీసుకుందామంటే విశాఖ బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామి నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. దూరం నుంచి చూస్తే చీపురుపుల్ల ముక్క. 1/1200 దగ్గర ఆగడమే మేలు.

తర్వాత ఏ ఓడలన్నది. కంటికి నచ్చిందల్లా కొంటూ పోతే డబ్బులు అయిపోతాయి, అల్మారా మాత్రం బొమ్మల కొట్టులా తయారవుతుంది. మన తీరానికి సంబంధించిన నాలుగు ఓడలతో మొదలుపెట్టమని మా సలహా. మొదటిది కుర్సురా, 91 మీటర్లు, స్కేల్లో 7.6 సెంటీమీటర్లు. రెండోది ఐఎన్ఎస్ గోదావరి. మూడోది జపాన్ విమాన వాహక నౌక ర్యూజో. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేసిన విమానాలు దాని మీద నుంచే లేచాయి. 180 మీటర్ల ఓడ, స్కేల్లో సరిగ్గా 15 సెంటీమీటర్లు. నాలుగోది 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించిన జర్మన్ క్రూయిజర్ ఎండెన్, 118 మీటర్లు, స్కేల్లో 9.9 సెంటీమీటర్లు. నాలుగూ వరుసగా పెడితే 43 సెంటీమీటర్లు. మధ్యలో ఖాళీలు వదిలినా అరమీటరు బల్ల చాలు.

వీటిలో కుర్సురానే మొదట తెప్పించుకోండి. మాస్టులు, రెయిలింగులు, ఫిరంగులు లేని నున్నని ఒళ్లు కాబట్టి ప్రింటులో చెడిపోయేది తక్కువ, చేతికి పని అలవాటవుతుంది. ఫైలు కోసం కుర్సురా పేరుతోనే వెతకనక్కర్లేదు. అది ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి, ఆ తరగతి ఫైలు ఏది దొరికినా ఒళ్లు అదే. సందేహం వస్తే ఆర్కే బీచ్‌కి వెళ్లి అసలుదాన్నే చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకోవచ్చు. మోడల్ కట్టేవారికి అంతకన్నా మంచి రిఫరెన్స్ ఉండదు.

ఇక ఆర్డరు. ఇక్కడే డబ్బు మిగిలేది, ఇక్కడే పోయేది. స్కేలు అంకె మాత్రం రాసి ఊరుకోకండి, పొడవు మిల్లీమీటర్లలో రాయండి: "ఓడ మొత్తం పొడవు 105 మి.మీ. రావాలి". ఫైళ్లు ఒక్కొక్కటి ఒక్కో స్కేల్లో తయారై ఉంటాయి. ప్రింటు తీసేవారు శాతాల్లో పెంచీ తగ్గించీ చేస్తారు, అక్కడ పొరపాటు జరిగితే ఎనిమిది సెంటీమీటర్ల గోదావరి మీ చేతికొస్తుంది. ఫైలు అసలు ఏ స్కేలు కోసం గీసిందో కూడా కనుక్కోండి. 1/700 కోసం గీసిన ఫైల్లో అర మిల్లీమీటరు లావున్న మాస్ట్ 1/1200కి తగ్గిస్తే 0.3 మి.మీ. కన్నా సన్నబడుతుంది, పెట్టె తెరిచేలోపే విరుగుతుంది. 1/1800 కోసం గీసింది పెంచితే ఎదురు సమస్య, సన్నగా ఉండాల్సినవి మొద్దుగా వస్తాయి. మొద్దువాటిని కోసి మార్చుకోవచ్చు కాబట్టి రెండిట్లో ఇదే నయం.

రెండో మాట: "గట్టిగా ప్రింటు తీయండి, గుల్ల వద్దు". రెజిన్ ఆదా అవుతుందని హల్‌ని లోపల ఖాళీగా తీసే అలవాటు కొందరికి ఉంది. పది సెంటీమీటర్ల ఓడలో దానివల్ల మిగిలేది రెండు మూడు గ్రాములు. లోపల చిక్కుకున్న పచ్చి రెజిన్ మాత్రం బయటికి రాలేక, నెలల తర్వాత మన ఎండలకి హల్‌ని పగలగొట్టుకుని జిగటగా కారుతుంది. రంగు వేసి అల్మారాలో పెట్టుకున్న ఓడకి ఆ గతి పట్టడం కన్నా ముందే రెండు గ్రాముల డబ్బు ఇచ్చేయడం మేలు. మూడోది లేయరు (ప్రింటులో ఒక్కో పొర) మందం 0.05 మి.మీ. మించకూడదు, నాలుగోది అడుగు నీటిగీత దగ్గర చదునుగా ఉండాలి. కొన్ని ఫైళ్లని సొంతానికి వాడుకోవడానికే తప్ప ప్రింటు తీసి అమ్మడానికి డిజైనర్లు ఒప్పుకోరు. అలాంటి ఫైలు మీరే కొని, ప్రింటు పని ఒక్కటే సర్వీసుకి ఇవ్వాల్సి వస్తుంది. దానికైనా అనుమతి ఉందో లేదో షరతులు చదివి ఇవ్వండి.

పార్శిల్ రాగానే మూడు పరీక్షలు. వేలితో తాకితే జిగటగా ఉందా, అద్దం ముక్క మీద పెడితే అనియం (ముందు కొస), అమరం (వెనక కొస) పైకి లేచాయా, నీటిగీత దగ్గర అంచు బయటికి ఉబ్బిందా.

జిగట ఉందంటే సరిగ్గా కడగలేదన్నమాట. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి మెత్తని టూత్‌బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాక మధ్యాహ్నపు ఎండలో ఒక్కోవైపు పావుగంట ఉంచండి. గంటల తరబడి వదిలేస్తే రెజిన్ పసుపు తిరిగి పెళుసుబారుతుంది. పచ్చి రెజిన్ చర్మానికి పడదు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. కడిగిన ద్రవాన్ని కాలవలోనో చేపల చెరువు గట్టునో పారబోయడం ఎంతమాత్రం తగదు. మూత తీసి ఎండలో పెడితే ఆల్కహాల్ ఆవిరైపోతుంది, అడుగున రెజిన్ గట్టిపడుతుంది. ఆ గట్టిపడినదాన్ని చెత్తలో వేయండి.

వంకర దాదాపు ప్రతి ప్రింటులో ఎంతో కొంత ఉంటుంది. ప్రింటు గట్టిపడేటప్పుడు రెజిన్ కుంచించుకుపోతుంది, పొడవుగా సన్నగా ఉన్న వస్తువు కొసలు ముందు లేస్తాయి. ర్యూజోకి ఇది మరీ ఎక్కువ కనిపిస్తుంది, పైన డెక్ అంతా ఒకే చదును కదా. కొస కింద విజిటింగ్ కార్డు దూరిందంటే సరిచేయాల్సిందే. 65, 70 డిగ్రీల నీళ్లు చాలు, మరగనక్కర్లేదు. ఓడని అర నిమిషం ముంచి తీసి, వెంటనే అద్దం మీద బోర్లా కాకుండా అడుగు కిందికి వచ్చేలా పెట్టి, రెండు కొసలూ వేళ్లతో మెల్లగా అదిమి ఉంచి, పైన చన్నీళ్లు పోయండి. చల్లారేదాకా వేళ్లు తీయొద్దు. చల్లగా ఉన్నప్పుడు అదిమితే మధ్యకి విరుగుతుంది. ఈ పని రంగుకి ముందే అయిపోవాలి.

ఉబ్బిన అంచుకి వాటర్ పేపర్ ఉంది. కార్లకి రంగులు వేసే షాపుల్లో 400 నంబరుది ఒక షీటు, 800 నంబరుది ఒకటి తీసుకోండి. షీటుని అద్దం మీద పరిచి, నీళ్లు చల్లి, ఓడ అడుగుని గుండ్రంగా రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడి తప్పనిసరి.

మాస్టుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఈ స్కేల్లో ఓడ అందమంతా అక్కడే ఉంది. ప్రింటుతో వచ్చిన మాస్టులు లావుగా, పెళుసుగా ఉంటాయి. మొహమాటపడకుండా కోసేయండి. వాటి బదులు కరెంటు పనివారి దగ్గర మిగిలే వైరు ముక్క ఒకటి చాలు. మెత్తగా వంగే ఒక చదరపు మిల్లీమీటరు వైరు తొడుగు తీస్తే లోపల సన్నని రాగి తీగలు ఉంటాయి, రకాన్ని బట్టి ఒక్కోటి 0.2 లేదా 0.3 మి.మీ. 0.3 అంటే అసలు ఓడ మీద 36 సెంటీమీటర్ల లావు, మాస్ట్ కింది భాగానికి సరిగ్గా నప్పుతుంది. 0.2 పై భాగానికి. తీగ వంకరటింకరగా ఉంటుంది. ఒక కొసని పట్టకారుతో బిగించి, రెండో కొసని ఇంకో పట్టకారుతో పట్టుకుని, కాస్త సాగేదాకా లాగండి. అది ఒక్కసారిగా నిటారుగా అవుతుంది, గట్టిపడుతుంది కూడా.

అతికించడానికి ఫెవిక్విక్ సరిపోతుంది, ట్యూబుతో నేరుగా మాత్రం వద్దు. ప్లాస్టిక్ మూత మీద ఒక చుక్క వేసి, సూది మొనతో ముట్టించి అంటించాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజు దాని ఆవిరి చుట్టూ తెల్లటి బూడిదలా పేరుకుంటుంది. మూసిన డబ్బాలో పెడితే ఇంకా ఎక్కువ. ఫ్యాను గాలిలో, తెరిచి ఆరనివ్వండి. రంగు వేయకముందే మాస్టులు పెట్టేస్తే ఆ తెలుపుని ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కప్పేస్తుంది. రెయిలింగుల జోలికి పోవద్దు. మీటరు ఎత్తు రెయిలింగు ఈ స్కేల్లో 0.8 మి.మీ., దాని కడ్డీ వెంట్రుక కన్నా సన్నం. లావుగా పెట్టి ఓడని పాడుచేయడం కన్నా లేకుండా ఉండటమే అందం.

ప్రైమర్ లేకుండా రెజిన్ మీద ఏ రంగూ నిలవదు, గోరు తగిలితే పొరలా లేచిపోతుంది. ఆటోమొబైల్ పెయింటు షాపులో గ్రే ప్రైమర్ స్ప్రే డబ్బా తీసుకుంటే డజను ఓడలకి వస్తుంది. ముసురు పట్టిన రోజు కొట్టొద్దు, గాలిలో చెమ్మ పొర మీద తెల్లగా మబ్బు కమ్ముతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కొడితే ఎదురు తంటా: రంగు ఓడని చేరేలోపే ఆరిపోయి ఇసకలా గరుకుగా పడుతుంది. ఎండాకాలం ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య. చలికాలం మంచు విడిచాక పదింటి తర్వాత. డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు పెట్టి, బాగా కుదిపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఓడ బయట మొదలుపెట్టి ఓడ దాటాక ఆపండి. మూడు పల్చటి పూతలు, మధ్యలో పావుగంట. ఒక్క మందపాటి పూత వేస్తే ఈ స్కేల్లో కిటికీలు, తలుపులు అన్నీ పూడిపోతాయి.

రంగులకి ఖరీదైన మోడల్ పెయింట్లు అక్కర్లేదు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే ఫెవిక్రిల్ అక్రిలిక్ చిన్న సీసాలు చాలు: తెలుపు, నలుపు, నీలం, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ). అవి చిక్కగా ఉంటాయి, నీళ్లు కలిపి పాలలా పల్చన చేసి రెండు మూడు పూతలు వేయాలి. నేవీ గ్రేకి తెలుపులో నలుపు కొంచెం, నీలం ఒక చుక్క. కుర్సురాకి కటిక నలుపు వేస్తే వివరాలన్నీ అందులో మునిగిపోతాయి. ఐదు పాళ్ల నలుపుకి ఒక పాలు తెలుపు కలిపితే ఈ సైజులో అది నలుపుగానే కనిపిస్తుంది, ఒంటి మీది గీతలూ తెలుస్తాయి. బ్రష్ మరీ సన్నని డబుల్ జీరో కన్నా, మొన బాగున్న ఒకటో నంబరు మేలు. సన్నదాంట్లో రంగు కాగితానికి చేరేలోపే ఆరిపోతుంది, ఓడ దాకా వచ్చేదెక్కడ. చివరగా అంబర్, నలుపు కలిపి నీళ్లలా చేసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి పైనంతా పూసి, ఎత్తైన చోట్ల గుడ్డతో తుడవండి. సందుల్లో నీడలు నిలుస్తాయి. ఫెవిక్రిల్‌కి కాస్త మెరుపు ఉంటుంది, అది చంపడానికి మ్యాట్ వార్నిష్.

సముద్రం కోసం 3 మి.మీ. అక్రిలిక్ షీటు మీద టిష్యూ కాగితం నలిపి ఫెవికాల్‌తో అతికించి రంగు వేస్తారు. బాగానే వస్తుంది, వానాకాలం వరకు. ఫెవికాల్ చెమ్మ పీల్చుకుని మళ్లీ పాలరంగుకి తిరుగుతుంది, అందుకే పైన మెరిసే (గ్లాసీ) వార్నిష్ రెండు పూతలు వేయండి. రంగు విషయంలో ఒక మాట: ఓడ అంతర్వేది, యానాం దగ్గర ఉన్నట్టు చూపించాలంటే ముదురు నీలం అబద్ధం. వరదల రోజుల్లో గోదారి నీళ్లు సముద్రంలోకి చాలా దూరం ఎర్రమట్టి రంగులోనే పోతాయి. అంబర్, తెలుపు, ఆకుపచ్చ లేశం కలిపి తీరం వైపు మట్టి రంగు, దూరం పోయేకొద్దీ ఆకుపచ్చ వైపు తిప్పితే చూసిన మనవాళ్లు ఊరు పేరు చెప్పేస్తారు. గడువు తీరిన ఏటీఎం కార్డు ముక్కలతో పక్కన రేవు దాటించే సఖినేటిపల్లి పంటు కూడా చేయొచ్చు. 15 మీటర్ల పంటు ఈ స్కేల్లో 12.5 మి.మీ., రెండు సన్నని పడవ ముక్కలు, పైన ఒక డెక్ ముక్క. యుద్ధనౌక ఎంత పెద్దదో దానితో ఒక్కసారిగా తెలుస్తుంది.

దాచుకోవడం సగం పని. మూత గట్టిగా పట్టే అక్రిలిక్ పెట్టె, లోపల సిలికా జెల్. జెల్ రంగు మారాక గుడ్డ సంచీలోంచి తీసి చిన్న మంట మీద పెనంలో వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. ఎండ పడే కిటికీ దగ్గర రెజిన్ ఓడని పెట్టొద్దు. పాత సీసం ఓడలు ఎవరైనా ఇస్తే కొత్త ప్లైవుడ్ అల్మారాలో పెట్టొద్దు. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

ఖర్చు పంపకం ఇలా ఉండాలి: మూడు వేలు అనుకుంటే సగం ఓడలకి, పావు వంతు ప్రైమర్, రంగులు, వాటర్ పేపర్‌కి, పావు వంతు పెట్టెకి. చాలామంది మొత్తం ఓడలకే పెట్టి, పెట్టె తర్వాత చూద్దామంటారు. ఒక్క వానాకాలం దుమ్ము, బూజు చాలు. నాలుగు ఓడలూ ఒకే ఆర్డర్లో తెప్పించకండి. కుర్సురా ఒక్కటి తెప్పించి, కొలత, జిగట, వంకర చూసుకుని, బాగుంటేనే ఆ సర్వీసుకి మిగతావి ఇవ్వండి.

వేరే దారులు రెండు మాటల్లో. రెవెల్ కంపెనీకి 1/1200లో టైటానిక్, బిస్మార్క్ కిట్లు ఉన్నాయి, 22, 21 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ రెజిన్ కన్నా దెబ్బకి ఓర్చుకుంటుంది, పిల్లలతో కలిసి కట్టుకోవడానికి అదే మేలు. ఈ స్కేల్లో మన తీరం ఓడలు మాత్రం అక్కడ వెతకొద్దు. కాలేజీ ల్యాబుల్లో ఉండే, ప్లాస్టిక్ తీగని కరిగించి ప్రింటు తీసే ఫిలమెంట్ మెషీన్లతో ఈ ఓడలు తీయించొద్దు: మామూలు నాజిల్ 0.4 మి.మీ., అంటే స్కేల్లో దాదాపు అర మీటరు, తలుపుకీ కిటికీకీ తేడా తెలియదు. కాగితం ఓడలు జిరాక్స్ ఖర్చుతో అయిపోతాయి, ఆగస్టు వచ్చేసరికి ఉబ్బిపోతాయి. కత్తిరించే ముందే షీటుకి రెండు వైపులా వార్నిష్ కొట్టుకోండి.